అరవై రోజుల రక్ష

మొదటి రోజు

పద్నాలుగో గేటు తాళాలు అప్పగించి ఉదయం ఏడు గంటలకు పడవ ఎక్కాను. ఎగువపేట రేవులో దిగేసరికి తొమ్మిది దాటింది. పదికి ఎండ సైరన్ మోగుతుంది. అది మోగాక సాయంత్రం నాలుగు దాకా బయట మనిషి కనిపించకూడదు. రేవు నుంచి నాలుగో వరసకి నూట పన్నెండు మెట్లు. మధ్యలో రెండుసార్లు ఆగాను. నా గుండెలో ఉన్న మర మెట్లెక్కేటప్పుడు గురగురమంటుంది. నాకు తప్ప ఎవరికీ వినపడదు.

ఇది గేటు దినచర్య పుస్తకం. చివర చాలా పేజీలు ఖాళీగా ఉంటే అడిగి తెచ్చుకున్నాను. ఇరవై రెండేళ్ళు రోజూ పొద్దున్నే అల ఎత్తు రాశాను, సముద్రపు గోడ ఎక్కడ చెమర్చిందో రాశాను. ఇప్పుడేం రాయాలో తెలియదు కాబట్టి పేరుతో మొదలుపెడుతున్నాను. కోరాడ హైమవతి, యాభై రెండేళ్ళు, నిన్నటిదాకా గేటు కాపరి.

నన్నెవరూ తీసేయలేదు. గుండె మర ఉన్న మనిషిని గోడ మీద ఒంటరిగా ఉంచకూడదని కొత్త నియమం వచ్చింది. నాతో ఉండడానికి ఒకమ్మాయిని పంపారు. మంచి పిల్లే. కానీ పాడుకుంటూ గిన్నెలు తోమేది, నాకు అల చప్పుడు వినపడేది కాదు. నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఐదో రోజు ఆ పిల్లనైనా మార్చండి, నన్నైనా వదలండి అన్నాను. నన్ను వదిలారు.

ఉద్యోగంతో పాటు వచ్చిన ఆరోగ్య రక్ష ఇంకా అరవై రోజులుంటుంది. ఈలోపు కొనసాగింపు కాగితం పెట్టుకుంటే చాలన్నారు.

మూడో రోజు

రక్ష ఆఫీసు రెండో వరసలో ఉంది. గుమస్తా పేరు సన్యాసిరావు. ముప్పై ఏళ్ళుంటాయి, నెమ్మదస్తుడు.

"పేరు, గేటు నంబరు, మర నంబరు, అన్నీ సరిపోయాయమ్మా. తోడు పేరు రాయలేదు."

"తోడంటే?"

అతను తలెత్తి చూశాడు. "మీరు గోడ మీదికెళ్ళి ఎన్నాళ్ళయింది?"

"ఇరవై రెండేళ్ళు."

"అయితే మీకు తెలిసుండదు లెండి." కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు. "ఉద్యోగంలో ఉన్నంతకాలం మనిషిని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. మానేశాక ఎవరూ చూడరు. ఒంట్లో బాగోలేకపోయినా బయటికి తెలీదు, తెలిసేసరికి చెయ్యి దాటిపోతుంది. అందుకని తోడు ఉన్నవాళ్ళకే కొనసాగింపు ఇస్తున్నారు."

ప్రతి గడపకీ ఒక పలక బిగించి ఉంది. రోజూ సైరన్‌కి ముందు తోడు మనిషి మన గడపకి రావాలి. ఇద్దరూ పలక మీద అరచేతులు ఆన్చాలి. వరసగా మూడు రోజులు తప్పితే రక్ష పోతుంది. తోడుగా ఉండేవాళ్ళు మన వరసలోనే ఉండాలి, వాళ్ళకీ రక్ష ఉండాలి. ఒక మనిషి ఇద్దరికి మించి తోడు ఉండకూడదు.

"మీ ఇంట్లో ఎవరెవరున్నారమ్మా?"

"నేను."

"ఇంకా?"

"నేనేనండి."

అతను ఆ గడి ఖాళీగా వదిలి, కాగితాన్ని నా వైపు తోశాడు.

తొమ్మిదో రోజు

నాలుగో వరసలో ముప్పై ఒక్క గడపలున్నాయి. మూడు రోజుల్లో అన్నీ తట్టాను. ఒకాయన తనకి అప్పటికే ఇద్దరున్నారన్నాడు. ఒకావిడ తనకే రక్ష లేదని తలుపు సందులోంచే చెప్పింది. మరొకావిడ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

"ఎప్పుడొచ్చేరమ్మా మీరు?"

"ఎనిమిది రోజులైంది."

"ఎనిమిది రోజులకే..." అంది. గ్లాసు తీసుకుని లోపలికెళ్ళి మళ్ళీ రాలేదు. ఆమె తప్పేమీ లేదు. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం బతికినన్నాళ్ళూ రోజూ పొద్దున్నే గడప దాటమని అడుగుతున్నాను.

నీళ్ళు వదిలే వేళ పక్కింటి దాలమ్మ మాట కలిపింది. అరవై దాటిన మనిషి, చేతుల్లో ఇంకా బలముంది. వరసలో అందరికీ చోడి అంబలి, అంటే రాగి అంబలి, కాచి పోసేది ఆమే. నేను బిందె ఎత్తుకోబోతే తానే ఎత్తి నా గడపలో పెట్టింది.

"తోడు కోసం తిరుగుతున్నావంట గదా."

"అవును దాలమ్మప్పా."

"పలక మీద సెయ్యెట్టడం నిమసం పని. కానీ నాకిద్దరున్నారమ్మీ. మంచాన పడ్డ మా ఆడబిడ్డ ఒకర్తి, ఆ ఎదరింటి లచ్చన్న ఒకడు. మూడో మనిసిని రాసుకోరు."

పదహారో రోజు

లోకంలో నాకు తెలిసిన మనిషి ఒక్కడున్నాడు. పదమూడో గేటు జోగినాయుడు. పదిహేనేళ్ళు రోజూ పొద్దున్నే తీగ మీద మీటలు నొక్కి 'గోడ పొడి' అని అతను పంపేవాడు, 'ఇక్కడా పొడి' అని నేను పంపేదాన్ని. గొంతు ఎన్నడూ వినలేదు. మూడేళ్ళ కిందట అతను పని మానేసి అరకు వైపు కొండల్లోకి వెళ్ళిపోయాడు. రేవులో మాట్లాడే తీగ ఉన్న గదికి వెళ్ళి, రిజిస్టరులో నంబరు వెతికించి, మాట్లాడాను.

"పద్నాలుగా?" అన్నాడు. "నువ్వు ఆడమనిసివేటి?"

"అవునండి."

"ఓర్నీ. ఇన్నాళ్ళూ మగోడివనుకున్నానమ్మా. మా ఇంటిదానికి కూడా అలాగే సెప్పీవోణ్ణి."

నవ్వాడు, నేనూ నవ్వాను. విషయం చెప్పాను. ఎగువపేటలో తనకు తెలిసినవాళ్ళెవరూ లేరని, ఉంటే ఈపాటికి పంపేవాణ్ణని అన్నాడు. ఆ మాట నిజమే అయ్యుంటుంది. వెనక నుంచి పిల్లలు తాతా తాతా అని పిలుస్తున్నారు. ఎవరో అన్నానికి రమ్మంటున్నారు.

"ఉంటానమ్మా మరి. ఒంట్లో జాగర్త."

నా పేరు అడగలేదు. తర్వాతి మనిషి వచ్చి తలుపు తట్టేదాకా ఆ గదిలోనే కూర్చున్నాను.

ఇరవై నాలుగో రోజు

ఆసుపత్రిలో మర సర్దుబాటు. ఆ పని చేసే అమ్మాయి ఛాతీ మీద చల్లటి బిళ్ళ ఆన్చి, చూపుడు వేలితో దాని అంచు తిప్పుతూ వింటుంది. తిప్పడం అయ్యాక ఒంట్లోకి వెచ్చదనం వస్తుంది. నెలకోసారి ఇది జరగాలి.

"వచ్చే నెలది అయిపోతుందండి. ఆ తర్వాతది రక్ష ఉంటేనే."

"లేకపోతే ఆగిపోతుందా?"

"ఆగదండి, భయపడకండి. దానంతటది నెమ్మదిస్తుంది, అంతే. ముందు మెట్లు మానేస్తారు. తర్వాత వీధిలోకి రావడం మానేస్తారు."

"ఆ తర్వాత?"

ఆమె బిళ్ళ తుడిచి పెట్టెలో పెట్టింది. "కూర్చున్నచోట హాయిగానే ఉంటుందండి."

తిరిగొచ్చేటప్పుడు రెండో వరసలో ఒక మనిషి గడపలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఇటు వచ్చినప్పుడల్లా చూస్తున్న మనిషే. పాదాల కింద పీట, పక్కన నీళ్ళ చెంబు. అతను లేచి నిలబడగా నేనెప్పుడూ చూడలేదని ఇవాళ గుర్తించాను.

ముప్పై మూడో రోజు

అంబలి గిన్నె తిరిగివ్వడానికి వెళ్ళినప్పుడు దాలమ్మ తనే ఆ మాట ఎత్తింది.

"లచ్చన్నకి డెబ్బై ఆరు. ఊపిరి గొట్టం నేకుండా పది అడుగులెయ్యలేడు. ఆడి కాలం తీరితే నీకే సెయ్యెడతాను అమ్మీ, మరొకర్ని రానియ్యను."

దీన్ని చెడ్డ మాటగా అనలేదు. వర్షం పడితే తొట్టి నిండుతుంది అన్నట్టుగా అంది. నేనూ అలాగే తల ఊపి వచ్చేశాను. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక మాత్రం ఆ తల ఊపడం నన్ను వదల్లేదు.

నలభై రెండో రోజు

గేటు పుస్తకంలో అబద్ధం రాయకూడదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

లచ్చన్న ఇల్లు నా గుమ్మానికి ఎదురుగా ఉంటుంది. ఒకప్పుడు పడవ ఇంజన్ల మేస్త్రీ. దాలమ్మ వచ్చే వేళకి అరగంట ముందే తల దువ్వుకుని, చొక్కా బొత్తాలన్నీ పెట్టుకుని, ఊపిరి గొట్టం తగిలించిన గాలి బండి పక్కన పెట్టుకుని గడపలో కూర్చుంటాడు. దాలమ్మ అంబలి తెస్తుంది. పలక మీద చేతులు ఆన్చుతారు. తర్వాత ఆమె ఓ పావుగంట కూర్చుని వరసలోని కబుర్లన్నీ చెబుతుంది. అతను నవ్వుతాడు, నవ్వి దగ్గుతాడు. మిగతా రోజంతా ఆ తలుపు మూసే ఉంటుంది.

ఈ పది రోజులుగా లేవగానే నేను చేసే మొదటి పని ఆ గడప వైపు చూడడం.

ఇవాళ అతను గడపలో లేడు. దాలమ్మ తలుపు తట్టింది. మళ్ళీ తట్టింది. నేను బిందెతో వీధిలో నిలబడ్డాను. మెట్లెక్కకుండానే మర గురగురమంది. ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి, సరిపోతాయి అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

తలుపు తెరుచుకుంది. చొక్కా బొత్తాలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. దాలమ్మ భుజం మీదుగా నన్ను చూశాడు.

"నానింకా ఉన్నానమ్మా, గేటామె," అన్నాడు. "ఏటి సెయ్యమంటావు."

నలభై మూడో రోజు

దాలమ్మ వెళ్ళిపోయాక నేనే వెళ్ళాను. తలుపు వేయబోతున్నవాడు ఆగాడు.

"మావా, తప్పైపోయింది."

"కూకో," అన్నాడు. కూర్చున్నాను. అతను గాలి బండి దగ్గరికి లాక్కున్నాడు.

"నా ముందు దాలమ్మ కాడ ఇంకొకడుండీవోడు. సింహాద్రి అని, దర్జీ. ఆరేళ్ళ కిందట నా పడవల పని పోనాది. నాకూ అరవై రోజులే ఇచ్చినారు. రోజూ పొద్దున్న ఆడి గడప కాసి సూసీవోణ్ణి." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "ఏబై రెండో రోజుకి పోనాడు. ఆ పూట నాను కడుపునిండా అన్నం తిన్నాను. సింహాద్రి మంచోడు. నా సొక్కాలు ఆడే కుట్టీవోడు."

సైరన్ మోగింది. నా గడప పన్నెండు అడుగుల దూరం, పరుగున దాటి తలుపేసుకున్నాను.

నలభై ఏడో రోజు

రెండు రాత్రులు ఒకే ఆలోచన. పొద్దున్నే రక్ష ఆఫీసుకి వెళ్ళి సన్యాసిరావుని అడిగాను.

"నాకు తోడు దొరకలేదు సరే. నేను ఎవరికైనా తోడుగా ఉండొచ్చా?"

"రక్ష ఉన్నవాళ్ళే ఉండాలమ్మా."

"నాకు అరవయ్యో రోజు దాకా ఉంది కదా."

అతను నియమాల పుస్తకం తీసి వేలు పెట్టి చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. నేను లచ్చన్నకి తోడైతే దాలమ్మకి ఒక చోటు ఖాళీ అవుతుంది. ఆ చోటులో ఆమె నాకు తోడు కావచ్చు, అని లెక్క చెప్పాను.

"ఉన్నంతసేపూ ఉన్నట్టే. రాతలో అంతే ఉంది," అన్నాడు, అతనికే ఆశ్చర్యంగా. "కానీ ముగ్గురూ ఒకేసారి రావాలి. తోడు మార్చుకోవడానికి ఆ పెద్దాయన ఇష్టపడాలి. ఆయన ఇక్కడికొచ్చి ఈ ఆఫీసు పలక మీద చెయ్యి పెట్టాలి."

నలభై తొమ్మిదో రోజు

లచ్చన్నకి చెప్పాను. చివరిదాకా విన్నాడు.

"అంటే పొద్దున్న నువ్వొస్తావు."

"నేనొస్తాను మావా. ఒక్క రోజు తప్పను. గోడ మీద ఇరవై రెండేళ్ళు ఒక్క పూట తప్పలేదు."

"దాలమ్మకి ఇంక నా గడపతో పని నేదు."

నేను కూర్చున్న పీట అతనికి దగ్గరగా జరుపుకున్నాను.

"వద్దమ్మా," అన్నాడు. కోపంగా కాదు. "గాలి బండి నేకపోయినా కొన్నాళ్ళు బతుకుతానేమో. ఆ పావుగంట నేకపోతే పొద్దున్న లేవడం దేనికీ."

యాభై రెండో రోజు

దాలమ్మతో మాట్లాడాను. ఆమె అంబలి కలుపుతూ విని, గరిటె గిన్నెలో వదిలేసి కూర్చుంది.

"నిజం సెప్పనా అమ్మీ. నానూ అలిసిపోనాను. ఆరేళ్ళు. పండగ నేదు, జొరం నేదు. ఒకరోజు ఆలీసమైతే ఆడు గడపలో ఏడుపు మొకం పెట్టుకుని కూకుంటాడు. కబుర్లయిపోతే నానే కల్పించి సెప్తాను, తెలుసా? ఫలానోళ్ళ కోడలలా అంది, ఇలా అంది అని. వరసలో అలాటి కోడలే నేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "నీ గడప నా గోడ పక్కనే. సెయ్యెట్టి వచ్చీడమే. నువ్వు కబుర్లడిగే మనిసివి కాదు."

"మరి లచ్చన్న మావకి ఏం చెప్పను?"

"దాలమ్మ వస్తాదని సెప్పు. రోజూ వస్తాదని. సంతకం పడేదాకా సెప్పు, తర్వాత అలవాటవుతాది."

యాభై ఐదో రోజు

నిన్న ఆసుపత్రిలో సర్దుబాటు అయింది. ఆ అమ్మాయి బిళ్ళ తీశాక ఒక్క క్షణం చేయి నా భుజం మీద ఉంచింది.

ఇవాళ లచ్చన్నే పిలిచాడు. ఎదురు గడప నుంచి చెయ్యి ఊపాడు. వెళ్ళాను.

"ఒకటే అడుగుతాను. నీ పేరు రాసినాక కూడా దాలమ్మ వస్తాదా?"

వస్తుంది అనే మాట నాలిక చివర ఉంది. మూడక్షరాల దూరంలో నా మెట్లు, నా వీధి, నా రేవు ఉన్నాయి. అతని కళ్ళు నా మొహం మీద నుంచి కదలడం లేదు. పొద్దున్నే దువ్వుకున్న తల, నూనె ఇంకా తడిగా ఉంది.

"రాదు మావా," అన్నాను. "ఎప్పుడైనా రావచ్చు. రోజూ రాదు. నేనొస్తాను. నాకు కబుర్లు చెప్పడం రాదు."

అతను గాలి బండి లోపలికి లాక్కుని తలుపేసుకున్నాడు. నేను ఇంటికొచ్చి, కొలిమి లాంటి ఆ ఆరు గంటలూ గోడకి జారగిలబడి, ఏం చేశానా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

అరవయ్యో రోజు

అయినా ఆఫీసుకి వెళ్ళాను. కాగితం చేతిలో పెట్టుకుని, తెరిచినప్పటినుంచీ బల్ల మీద కూర్చున్నాను. సన్యాసిరావు వేరేవాళ్ళ పనులు చూస్తూ మధ్యమధ్యలో గడియారం వైపు చూస్తున్నాడు. సైరన్ మోగితే ఆఫీసు మూసినట్టే. తొమ్మిదిన్నర అయ్యాక "అమ్మా..." అన్నాడు.

"ఇంకాసేపు కూర్చుంటానండి," అన్నాను.

తొమ్మిదీ నలభైకి మెట్ల మీద గాలి బండి చక్రాల చప్పుడైంది. ఒక్కో మెట్టుకీ ఒక దెబ్బ, తర్వాత చాలాసేపు ఏమీ లేదు, మళ్ళీ ఒక దెబ్బ. లచ్చన్న దాలమ్మ భుజం పట్టుకుని లోపలికొచ్చాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. నా పక్కన కూలబడి, మాట వచ్చేదాకా ఆగాడు.

"వస్తాదని సెప్పుంటే నాను రాకపోదును," అన్నాడు. "రోజూ నా గడప తొక్కే మనిసి అబద్ధం సెప్పకపోతే సాలు. కబుర్లకేటి."

దాలమ్మ తల దించుకుని ఉంది. అతని ముక్కు దగ్గర జారిన గొట్టాన్ని సరిచేసింది, అవసరమైన దానికన్నా ఎక్కువసేపు.

ముందు అతని కాగితం, తర్వాత నాది. లచ్చన్న ఆఫీసు పలక మీద చెయ్యి పెడితే నేను నా చెయ్యి దాని పక్కకి జరిపి ఆన్చాను. మనిషి చెయ్యి ఇంత వేడిగా ఉంటుందని మరిచిపోయాను. దాలమ్మా నేనూ చేతులు పెట్టి తీస్తుండగానే సైరన్ మోగింది. నాలుగు దాకా ఎవరూ కదలడానికి లేదు. సన్యాసిరావు తన క్యారేజీ విప్పి నలుగురికీ సర్దాడు. లచ్చన్న బల్ల మీద నిద్రపోయాడు. దాలమ్మ చాలాసేపు అతన్నే చూస్తూ కూర్చుంది.

అరవై ఒకటో రోజు

పొద్దున్నే దాలమ్మ నా గడపకి వచ్చింది. చేతులు ఆన్చాము. "బాగున్నావు గదా?" అంది, జవాబు వినేలోపే కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. పొయ్యి మీద అంబలి ఉందట. అంతే చాలని ఒప్పుకున్నది నేనే కాబట్టి నాకు బాధ పడే హక్కు లేదు. గడపలో కాసేపు నిలబడ్డాను.

తర్వాత వీధి దాటాను. లచ్చన్న తల దువ్వుకుని, బొత్తాలు పెట్టుకుని, అప్పటికే కూర్చుని ఉన్నాడు. పలక మీద చేతులు ఆన్చాము. పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. చెప్పడానికి ఏమైనా ఉందా అని వెతుక్కున్నాను. అల ఎత్తు గురించి చెబుదామనుకున్నాను, అది నాకిప్పుడు తెలియదు.

"రేత్రి నిద్ర పట్టినాదా?" అని అతనే అడిగాడు.

"పట్టింది మావా. నీకు?"

"ఆఁ."

అతను నా వైపే తిరిగి ఉన్నాడు గాని చూపు నా భుజం దాటి దాలమ్మ గుమ్మం మీద ఉంది. ఆమె వాకిట్లో గిన్నెలు సర్దుతోంది. ఇటు తిరగలేదు. నేను అడ్డంగా ఉన్నానని అర్థమైంది. పీట పట్టుకుని, అతనికి వీధి బాగా కనిపించేలా కొంచెం పక్కకి జరిగాను. సైరన్ మోగేదాకా అలాగే కూర్చున్నాము.